పోతలేవు అన్న, పోతలేరు అనలే

చెప్పకుండ పోతరా వదినె, ఎవరన్నా? కంటి ఆపరేషన్ అయిన మనిషివి. నల్లద్దాలు పెట్టుకొని, సంచి సంకల పెట్టుకొని, ఒక్కదానివే గద్వాల బస్టాండుకు నడిచిపోయి వనపర్తి బస్సు ఎక్కుడేంది? నేను కిరాణం దుకాణంకెల్లి వచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి మంచిగ మడతపెట్టి ఉంది. నా పానం ఎట్ల కొట్టుకుందో నీకు తెల్వదు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. నీ తమ్ముడు చేస్తే అసలే ఎత్తవు. ఆఖరికి నీ ఇంటి ఓనరు అమృతమ్మకు చేస్తే, "దేవమ్మ వచ్చింది, మంచిగనే ఉంది, గానీ ఎవ్వరితోని మాట్లాడదంట" అన్నది. ఎవ్వరితోని అంటే ఎవ్వరితోని? మాతోనే గద!

జర ఇటు చూడు వదినె. పోనీ, చూడకు. ఆ పల్లికాయల గంపనన్నా పక్కకు పెట్టు. తల వంచొద్దు, దుమ్ముల కూసోవద్దు అని డాక్టరు ఎన్నిసార్లు చెప్పిండు? నువ్వేమో పొట్టంత ఒళ్లో ఏసుకొని, తల వంచుకొని పల్లీలు ఒలుస్తున్నవ్. కన్ను నీదా, ఆ పల్లీల సేటుదా?

సరే. నువ్వు రమ్మనకుంటే నేను ఈ గడప మీదనే కూసుంట.

ఏందీ? గడప మీద కూసోవద్దా? అయితే లోపలికి రమ్మను మరి! చెయ్యి ఊపితే రమ్మన్నట్టేనా? వస్తున్న, వస్తున్న. ఇగో, ఈ బండ మీద కూసుంట. మంచం మీద వద్దు. నీ మంచం మీద నేను కూసోను వదినె. ఎందుకో చెప్త, జర ఊపిరి తీస్కోనీ.

ముందు వచ్చిన పని చెప్త. రెండో కంటికి డాక్టరు రమ్మన్నడు. పొర ముదిరిందంట, ఇంకా ఆగితే ఉన్న చూపు కూడ పోతదంట. నువ్వేమో అమృతమ్మతోని, "ఒక్క కన్ను చాలు నాకు, ఇగ గద్వాల్ల నా మొకం చూపెట్ట" అన్నవంట. ఒక్క కన్నుతోని ఎన్నొద్దులు ఎల్లదీస్తవ్? రేపు ఆ కన్ను గూడ మొరాయిస్తే నీకు బువ్వ ఎవరు పెడ్తరు? అమృతమ్మ పెడ్తదా? కిరాయి లేటైతేనే మొకం మాడుస్తది గద ఆమె.

నీ తమ్ముని సంగతి చెప్పనా? మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని ఊకె కూసుంటడు. నేసే నాడె చేతులనే ఉంటది, ఆడదు. ముద్ద కలుపుతడు, కలిపి లేస్తడు. మీ అమ్మ సచ్చినంక నువ్వే గద సాకినవ్. నీ చేతి మీద పెరిగిన మనిషి. "పోయి మా అక్కను తోల్కరా" అంటడు. నువ్వే పోరాదు అంటే, "నేను ఏ మొకం పెట్టుకొని పోవాలె" అంటడు. బాగుంది. మొకం నాకు మాత్రం ఉందా?

నువ్వు ఎందుకు లేచి వచ్చినవో నాకు తెలుసు వదినె. మేము లోపలి అర్రల గుసగుసలాడింది నువ్వు విన్నవ్. కండ్లకు పట్టీ ఉంటే చెవులు ఇంకా మంచిగ పనిచేస్తయంటరు.

"ఈ చుట్టాలు ఇంకా పోతలేవు" అన్న. అన్న, కాదనను. "రాత్రంత పీక్క తిన్నయ్" అన్న. నీ తమ్ముడేమో "మసిలే నీళ్లు పోస్తే గానీ ఈ చుట్టాలు కదలవు" అన్నడు. మా ఉష ఇంకో అడుగు ముందుకేసి, "అమ్మా, చుట్టాలు పిల్లల్ని పెట్టినట్టున్నయ్" అన్నది. గవన్నీ నీ చెవుల పడ్డయ్. పడకుండ ఎట్లుంటయ్? రెండు అర్రల ఇల్లు, నడుమ తలుపు లేదు, ఒక పరదా.

పక్క అర్రల మంచం మీద ఒక చుట్టం పండుకొని ఉండంగ, చుట్టాల మీద మసిలే నీళ్లు పోస్తమనేటోళ్లు ఏం మనుషులు? నేనైనా గట్లనే లేచి పోదును.

కానీ వదినె, నిన్ను కాదు. ఒట్టు. ఉష మీద ఒట్టు. జర మాట వినూ. నేను "పోతలేవు" అన్న. "పోతలేరు" అనలే. మనిషి గురించైతే "చుట్టాలు పోతలేరు" అంటం గద! లేరు, లేవు. గింత తేడా ఉంది గద! పదో తరగతి తప్పిన దాన్ని నాకే తెలుసు, నువ్వు అప్పట్లనే బడి చదువు చదివినదానివి, నీకు తెల్వదా?

గట్లనుకొనే వచ్చిన బస్సుల. వదినెకు ఈ ఒక్క ముక్క చెప్తె చాలు అనుకొని. అయితే కొత్తకోట దాటినంక ఇంకోటి తోచింది. కోపమొచ్చినప్పుడు మనం మనుషులను గూడ గట్లనే అంటం గద, గొడ్డుగోదా లెక్క. "వచ్చినయ్, తిన్నయ్, పన్నయ్" అంటం. అంటే నువ్వు "లేవు" అన్నది ఇని ఇంకా ఎక్కువ బాధపడి ఉంటవ్. మనిషి లెక్కలకెల్లి కూడ తీసేసింది నన్ను నా మరదలు అనుకొని ఉంటవ్. 

మరి ఏంది ఆ చుట్టాలు అంటే... ఎట్ల చెప్పాలె. ఆగు, ఆ తలుపు జర దగ్గరికేస్త. అమృతమ్మ వాకిట్ల బట్టలు ఆరేస్తున్నట్టు ఆరేస్తుంది గానీ చెవులు ఇటే ఉన్నయ్. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్డట్టు, ఇది చెప్పుకుంటే పడేది మా కాళ్ల మీదనే.

నల్లులు వదినె.

మా ఇంట్ల నల్లులు పడ్డయ్. చుట్టాలంటే నల్లులు. మా ముగ్గురం పెట్టుకున్న మాట.

చేతులు ఎందుకు ఆగినయ్? ఒలువు, ఒలువు. వద్దన్నప్పుడు ఒలుస్తవ్, ఇప్పుడు ఆపుతవ్. అసహ్యమైందా? కావాలె. నాకే అయితుంది.

ఎప్పటికెల్లి అంటే... నువ్వొచ్చిన దినాలల్లనే అనుకో. ఎట్ల వచ్చినయో తెల్వదు. బస్సు సీట్లల్ల వస్తయంట, సంచులల్ల వస్తయంట, ఎట్లనన్నా వస్తయంట. అది ఇడిశిపెట్టు.

ముందు మేము కూడ గుర్తుపట్టలే. ఉష చెయ్యి మీద మూడు దద్దుర్లు లేచినయ్, ఒకదాని పక్కకు ఒకటి, సూదితోని టాకా ఏసినట్టు వరుసగ. మా వాడల మందులిచ్చే వెంకట్రాములు చూసి చెమటకాయలన్నడు. తగ్గకపోతే గజ్జి అన్నడు. గజ్జి మందు రాసుకొని రాసుకొని పిల్ల ఒళ్లంత కంపు. తర్వాత నీ తమ్మునికి తొడల మీద షురూ అయినయ్. మగ్గం మీద కూసున్నోనికి గీక్కునే తావేది? రెండు చేతులు నాడెకు, రెండు కాళ్లు కింద తొక్కే కర్రలకు. నేసుకుంట నేసుకుంట మనిషి కోతి లెక్క మెలికలు తిరుగుతుండు. తేలు కుట్టిన దొంగ బతుకు. అరవరాదు, చెప్పరాదు.

ఉషనే దొరకబట్టింది. సెల్లు లైటు ఏసి, మగ్గం కాడ కూసునే పలక కింద చూసింది. చెక్క సందుల నల్లటి చుక్కలు, పెన్ను కారినట్టు. పొట్టు లెక్క చర్మాలు. నడుమల ఒకటి కదిలింది. మసూరు పప్పంత ఉంటది, చప్పటిగ, గోధుమ రంగు. నీ తమ్ముడు చూసి "ఇది గోమారి, బర్రె మీదికెల్లి వచ్చింది" అన్నడు. మనకు బర్రె ఏడిది? పక్కింటోళ్లకు లేదు, వాడల లేదు! నల్లి అని నోటితోని అనలేక, లేని బర్రెను తెచ్చిండు చూడు. ఉష దాన్ని కాగితం మీద పెట్టి నలిపింది. నెత్తురు. వాసన చూడుమన్నది. కుళ్లిన కొత్తిమీర వాసన. 

నల్లులు పేదోళ్ల ఇంట్లనే పడ్తయా వదినె? గలీజు ఇంట్లనే పడ్తయా? కాదంట. ఫోన్ల రాసి ఉందని ఉష చదివి చెప్పింది. నెత్తురున్న మనిషి ఉంటే చాలంట, పెద్ద హోటళ్లల్ల కూడ ఉంటయంట. అయితే మా వాడల వాళ్లకు ఫోన్ల రాసింది ఎవరు చదివి వినిపియ్యాలె? తిరుపతి వెంకన్నకు జోడు పంచెలు నేసే ఇల్లు మా ఎదురుగనే ఉంది, ఎంత నిష్టగ ఉంటరో నువ్వు చూసినవ్. నల్లుల ఇల్లు అని ఒక్కసారి పేరు పడితే వాళ్లు మా దిక్కు చూస్తరా? మా ఇంట్ల నేసిన చీర, పట్టు ఇచ్చే సేటు చేతులతోని ముట్టుకుంటడా? పట్టు అంచు మడతల ఒక్కటి కనిపించిందంటే ఇజ్జత్ ఖతం. ఎద్దు పుండు కాకికి ముద్దా? లోకం పొడుస్తనే ఉంటది.

అందుకే ఆ పేరు ఇంట్ల ఎత్తొద్దు అని నీ తమ్ముడు అన్నడు. ముందు కన్నడంల "తిగణె" అందమన్నడు. ఏం తెలివి! మా వాడల సగం మంది కోడండ్లు రాయచూరోళ్లు. తిగణె అంటే నల్లి అని చంటిపిల్లలకు కూడ ఎరుకే. అప్పుడు ఆయననే నవ్వి, "చెప్పకుండ వస్తయ్, తిని పంటయ్, పొమ్మంటే పోవు. చుట్టాలని అందం" అన్నడు. నవ్వినం వదినె. ముగ్గురం నవ్వినం. గీక్కుంట నవ్వినం. అన్ని దినాల తర్వాత ఇంట్ల నవ్వు అదే. ఆ నవ్వే గిట్ల తగిలింది.

ఏమన్నవ్? మందు కొట్టొద్దా అంటవా?

కొట్టరాదు వదినె, అదే గద పీడ. ఎవరింట్లనన్నా నల్లులు పడితే ఏం చేస్తరు? మంచాలు ఎండల ఏస్తరు, సందులల్ల మసిలే నీళ్లు పోస్తరు, కిరసనాయిలు పూస్తరు. మాకు అవి మగ్గంల ఉన్నయ్. మగ్గం మీద సేటు పట్టు ఎక్కి ఉంది. నీళ్లు చిందితే జరీ నల్లబడ్తది. కిరసనాయిలు పూస్తే చీరకు కంపు పడ్తది, ఆ కంపు ఉతికినా పోదు. చీర అయ్యి, కోసి దించేదాక మగ్గం ఇప్పరాదు. పెండ్లి చీర, పెద్ద అంచు, ఎన్నడు కావాలె అది?

నీ తమ్ముడు ఆగలేక దుకాణంల డబ్బా తెచ్చి ఒకసారి పిస్ పిస్ అని కొట్టిండు. ఏమైంది? ఒక్క తావున ఉన్నవి నాలుగు దిక్కులకు ఉరికినయ్. గోడ పగుళ్లకు, పరదాకు, నవారు మంచానికి. ఉష తల కొట్టుకుంది. "నాయినా, కొడితే చెదిరిపోతయ్, గుడ్లు మాత్రం సావవు, మల్ల పిల్లలైతయ్" అని. చేతులతోని ఏరాలె, వేడి పెట్టాలె, మల్ల కొన్నొద్దులకు మొదటికెల్లి చేయాలె అంట. ఏరినం. సూదితోని సందులు గెలికి, సబ్బు నీళ్లల్ల ఏసినం. చీరలు నేసే చేతులు నల్లులు ఏరినయ్.

నువ్వు దద్దుర్లు గీక్కుంటుంటే దోమలన్న. దోమతెర కూడ కట్టిన నీకు, గుర్తుందా? ఎంత మంచిదాన్నో చూడు. నల్లులకు దోమతెర! అవి లోపల, నువ్వు లోపల, నేను నాలుగు దిక్కుల కొసలు పరుపు కింద మంచిగ దోపిన.

ఇంకోటి చెప్పాలె. ఇది చెప్పకుంటే నాకు నిద్ర రాదు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన్నాడు, పగటిపూట, కంటికి పట్టీ ఉంది. రెండో కన్ను ఎట్లనూ మబ్బే. నువ్వు పండుకొని, "మల్లీశ్వరీ, చెంప మీద ఏందో పాకినట్టుంది, జర చూడు" అన్నవ్. నేనొచ్చి చూసిన. పట్టీ అంచుకు ఉంది. నీ కంటికి గింత దూరంల. తాగి ఉబ్బి, ఎర్రగ, మెల్లగ నడుస్తుంది.

"ఏం లేదు వదినె, మత్తుమందుకు గట్లనే అనిపిస్తది" అన్న. అనుకుంటనే రెండు వేళ్లతోని తీసి కొంగుల నలిపిన.

నువ్వేమో, "ఏందే ఈ వాసన, కొత్తిమీర లెక్క?" అన్నవ్. "ఆ, కొత్తిమీర కోస్తున్న వదినె" అన్న. ఇంట్ల కొత్తిమీర లేదు. ఉరికి పోయి ఒక కట్ట తెచ్చి పప్పుల ఏసిన, నా మాట నిజం కావాలె గద! నువ్వు తినుకుంట పప్పు మంచిగుందన్నవ్. నేను ఆ పప్పు ముట్టలే.

గుడ్డి మనిషికి అబద్ధం చెప్పుడు అంటే ఏందో నాకు ఆనాడు తెలిసింది. ఎదురుంగ నిలబడి మొకం కూడ దాచుకునే పని లేదు.

తిట్టు వదినె. తిట్టినా మంచిగుంటది.

ఇప్పుడైతే చేసినం అన్నీ. నువ్వు పోయినంక చీర కోసి దించినం. మగ్గం మొత్తం ఇప్పి పలకలు బండల మీద ఎండకేసినం. ఎండ ఎట్లుందో చూస్తున్నవ్ గద, చెయ్యి పెడితే కాలుతుంది. సందు సందుకు మసిలే నీళ్లు పోసిన. బట్టలన్నీ ఉడకబెట్టి నల్ల కవర్లల్ల కట్టి పెట్టిన. మల్ల ఇంకోసారి చేసినం, ఆ గుడ్లు పొదిగే యాళ్ల చూసుకొని. వాడలోళ్లు అడిగితే సున్నం ఏస్తున్నం అన్న. సున్నం డబ్బా కూడ వాకిట్ల పెట్టిన, అబద్ధానికి ఆధారం ఉండాలె గద. ఇప్పుడు ఇల్లు శుద్ధంగ ఉంది. నువ్వు రా. లోపలి అర్రల పండుకో. తెల్ల దుప్పటి ఏస్త, నువ్వే చూసుకో.

మంచం మీద ఎందుకు కూసోనన్న అంటే గిదే. ఎండల ఆరిన చీరనే కట్టుకొని వచ్చిన, అయినా నా పానం నమ్మదు. ఇంకో మాట కూడ చెప్పాలె. నీ సంచిల ఒకటో రెండో ఇటు వచ్చి ఉంటయ్. చెయ్యి చూపెట్టు. చూపెట్టు వదినె, దాచుకోకు. వరుసగ ఉన్నయా?

ఎందుకు ఏడుస్తున్నవ్? కన్ను తడవొద్దు, ఏడ్వకు! ఆ కొంగుతోని తుడ్వకు, దుమ్ముంది. ఆగు, నేను తుడుస్త.

ఆఁ? ఏందీ? మల్ల చెప్పు.

కోపంతోని రాలేదా? మరి?

చుట్టాల మాటలు విన్నవ్ గానీ పట్టించుకోలేదా? మా పుట్టింటోళ్ల గురించి అనుకున్నవా! ఓయమ్మ. నేను బస్సుల అంత దూరం లేవు, లేరు అని సదువుకుంట వచ్చిన.

చూసినవా? నువ్వే చూసినవా? పట్టీ ఇప్పి చూపు మంచిగ వచ్చినంక, పొద్దున్నే, దిండు మీద... కొత్త కంటితోని మంచిగ చూసిన మొట్టమొదటిది అదేనా వదినె?

ఏమంటున్నవ్? "నా బొంతలకెల్లి వచ్చినయ్" అంటవా? పల్లీల బస్తాల పక్కకు ఏసిన బొంత, దాంట్ల తెచ్చి మీ మగ్గంల పోసిన అంటవా? నువ్వు తెచ్చినవనుకున్నవా?

అంటే గద్వాల్ల మొకం చూపెట్ట అన్నది... కోపం కాదా అది? సిగ్గా?

నేను దోమలు, దోమలు అంటుంటే, "పాపం తెలిసి కూడ మొకం మీద అంటలేదు, నా ఇజ్జత్ కాపాడుతుంది" అనుకున్నవా? మంచి మరదలు దొరికిందని అనుకున్నవా?

బొంత ఏది వదినె? ఆడ దండెం మీద ఉండేది గద. అత్తమ్మ చీరలతోని కుట్టింది. ఏదీ?

కాలబెట్టినవా!

మీ అమ్మ నేసి కట్టిన చీరలు అవి. అత్తమ్మవి అవి ఒక్కటే ఉండె. మా ఇంట్ల పడ్డ నల్లులకు నువ్వు నీ పెరట్ల ఆ బొంత కాలబెట్టుకున్నవా?

ఏందీ? తమ్మునికి చెప్పొద్దా? "నేను తెచ్చిన్నని బాలకిష్టయ్యకు చెప్పకే" అని నా గదువ పట్టుకుంటున్నవా? చెయ్యి తీయ్ వదినె. నన్ను బతిమాలకు. నీకు దండం పెడ్త, నన్ను బతిమాలకు.

నీ చెయ్యి పట్టుకొనే ఒక లెక్క ఏసుకున్న వదినె. ఇప్పుడు, గింత సేపు. ఏం లెక్కనో తెలుసా? సరే అని నీతోని అందమనుకున్న. "సరే తియ్ వదినె, ఎవరికీ చెప్ప" అంటే అయిపోతది. నువ్వు నా వెంట వస్తవ్, రెండో కంటికి ఆపరేషన్ అయితది, నీ తమ్ముడు బువ్వ తింటడు. నీ దిక్కుకెల్లి వచ్చినయ్ కాబట్టి మా ఇల్లు శుద్ధం. నువ్వు జీవితాంతం నా ముందర తల వంచుకొని ఉంటవ్. ఎంత సులువు! చేయని తప్పుకు నీ దగ్గర మాఫీ అడుగుదమని వచ్చిన, చేసింది కొంగుల కట్టుకొని. నువ్వేమో ఆ కొంగు ముడి కూడ నీ తల మీద ఏసుకుంటనంటున్నవ్.

అబద్ధం చెప్పిన వదినె. ఈడ కూసున్నంక కూడ. నువ్వొచ్చిన దినాలల్ల పడలే. నీ తమ్ముడు హైదరాబాద్‌ల చీరల ఎగ్జిబిషన్ అని పోయిండు గద చలికాలంల, అగ్గువకు దొరికిందని ఒక లాడ్జిల పన్నడు. ఆ బ్యాగులనే వచ్చినయ్. ఆ బ్యాగు కుట్లల్ల మేము చూసినం. నువ్వొచ్చింది ఎండలు ముదిరినంక. నీ బొంతల ఏం లేకుండె. నీ బొంత శుద్ధం.

ఉన్నయని తెలిసే నీకు ఆ మంచం ఏసిన.

ఎందుకని అడుగు. అడగవా? నేనే చెప్త. ఇది నీ తమ్మునికి కూడ తెల్వదు. మగ్గం అర్రల ఉన్న ఆ మంచం ఉషది. పిల్ల టీచరు పరీక్షకు చదువుతుంది, రాత్రంత గీక్కొని పొద్దున పుస్తకం ముందర తూలి పడ్తుండె. లోపలి అర్రలకు మారుద్దమంటే, అవి మనిషి వేడికి, ఊపిరికి వస్తయంట. ఒక తావున మనిషి లేకపోతే ఇంకో మనిషిని ఎతుక్కుంట పోతయంట. ఉష ఎనుకనే వస్తయ్. మగ్గం అర్రల ఎవరో ఒకరు పండుకొని ఉంటేనే అవి ఆడ ఆగుతయ్.

గప్పుడే నువ్వు ఫోన్ చేసినవ్, ఆపరేషన్‌కు గద్వాల రావాలె, మీ ఇంట్ల ఉండొచ్చా అని. "ఉండొచ్చా అని అడుగుతవా వదినె, అది నీ ఇల్లు కాదా, రా" అన్న. ఎంత మంచిగ పిలిచిందో మా మరదలు అని అమృతమ్మకు చెప్పుకున్నవంట. ఇంతకుముందు వాకిట్ల ఆమెనే చెప్పింది నాకు.

అవి నా బిడ్డ జోలికి పోవద్దని నిన్ను ఆడ పండబెట్టిన.

నేను పండుకోవచ్చు గద? తల్లిని నేను గద? పండుకున్న. నువ్వు రాకముందు, ఒక్క రాత్రి. తెల్లారి చూసుకుంటే మెడ మీద, చేతుల మీద, రెప్పల మీద... ఇంకో రాత్రి నాతోని కాలే వదినె. నీకైతే కండ్లు కనిపియ్యవు గద అనుకున్న.